యాభై మూడు పాదాలు

మా ఆడవార్డులో మంచాలు ఇరవై ఎనిమిది. ముగ్గురికి ఒక్కో కాలు మోకాలి దిగువన తీసేశారు. అంటే నేను చూడవలసిన పాదాలు యాభై మూడు. ముఖాల లెక్క కాకుండా పాదాల లెక్క చెబుతున్నానేమిటని ఎవరైనా అనుకోవచ్చు. అక్కడి పని అలాంటిది. ముఖాలు చూడటానికి తీరిక ఉండేది కాదు.

అది కుష్ఠు వ్యాధి ఆస్పత్రి. శ్రీకాకుళం నుంచి విజయనగరం వచ్చే రోడ్డు మీద దిగి, జీడితోటలు దాటి లోపలికి నడవాలి. క్రైస్తవ మిషను వాళ్లు ఎప్పుడో కట్టించారు. నేను అరవై నాలుగులో చేరాను. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్లు. ఆ జబ్బుకి అప్పటికే తెల్లమాత్రలు వచ్చాయి. ఏళ్ల తరబడి మింగితే జబ్బు ఆగిపోయేది. కానీ చచ్చిపోయిన నరాలు తిరిగి బతకవు. పాదానికి ముల్లు తెలియదు, రాయి తెలియదు, నిప్పు తెలియదు. అరికాల్లో పుండు పడితే నొప్పి ఉండదు కనుక మనిషి నడుస్తూనే ఉంటుంది. నడుస్తుంది కనుక పుండు మానదు. మాన్పించడమే మా పని. మానిన పుండు మళ్లీ పడితే మళ్లీ మాన్పించడం కూడా మా పనే.

రోజూ పొద్దున్నే పింగాణీ బేసిన్లలో గోరువెచ్చని నీళ్లు పోసి, ఊదారంగు మందు కలిపి, ఒక్కొక్కరి పాదాలు నానబెట్టాలి. నీళ్లు కాలుతున్నాయో లేదో వాళ్లని అడిగి లాభం లేదు. నా మోచెయ్యి ముంచి చూడాలి. నానిన తర్వాత పుండు చుట్టూ గట్టిపడిన తోలు బ్లేడుతో తియ్యాలి. లోపల చీము, చచ్చిన కండ ఉంటే ఫోర్సెప్స్‌తో తీసి, మందు పెట్టి, గాజుగుడ్డ వేసి కట్టు కట్టాలి. పాదానికి పది నిమిషాలు అనుకున్నా మొత్తానికి ఎనిమిది గంటల యాభై నిమిషాలు. ఇందులో మాత్రలివ్వడం, జ్వరాలు చూడటం, కళ్లు కడగటం, పైనుంచి డాక్టరమ్మగారితో తిరగడం లేవు.

ఇద్దరు నర్సులు చేయవలసిన వార్డు అది. రెండో ఆమె అరవై ఏడు జూన్‌లో పెళ్లి చేసుకుని రాజమండ్రి వెళ్లిపోయింది. ఆమె స్థానంలో ఎవరూ రాలేదు. కుష్ఠు ఆస్పత్రి అంటే ట్రైనింగు పూర్తయిన పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకునేవారు కాదు. అప్పటినుంచి నేను, ఒక ఆయా. ఆయా భర్త గరివిడి ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆవిడ రోజూ బస్సులో వచ్చి పోయేది. చేతి పని బాగా చేసేది, నోటి పని ఇంకా బాగా చేసేది.

వార్డులో ఎవరినీ పేరు పెట్టి పిలిచేవాళ్లం కాదు. చేరేటప్పుడే చాలామంది అసలు పేరు చెప్పేవారు కాదు. ఇంట్లో పెళ్లి కావలసిన పిల్లలుంటారు, ఫలానా ఆవిడ ఇక్కడుందని తెలిస్తే వాళ్లకి సంబంధాలు రావు. అందుకని ఊరి పేరుతో పిలుపు. కిటికీ పక్క మంచం ఆవిడ పాలకొండ అప్ప. ఆ ప్రాంతంలో అప్ప అంటే అక్క, మావ్వ అంటే అవ్వ. ఆవిడ ఎదుటి మంచం బొబ్బిలి మావ్వ. బొబ్బిలి మావ్వకి ఒక కన్ను పోయింది. ఆ కన్ను చూపు కూడా నాలుకలోకి వచ్చి చేరిందని ఆయా అనేది.

నాకు మొదట వచ్చిన తేడా ఏమిటో నాకు తెలియలేదు. అరవై ఎనిమిది మొదట్లో అన్నం సయించడం మానేసింది. కంచం ముందు కూర్చుంటే కంచంలో ఉన్నది పాదం లాగ కనిపించేది అని చెబితే వినేవాళ్లకి అసహ్యం. నాకు అసహ్యం కూడా కలిగేది కాదు. అదే తేడా. ఆదివారం మిషను గుడిలో అందరూ లేచి పాట అందుకుంటే నేనూ లేచేదాన్ని, నోరు తెరిచేదాన్ని, గొంతు వచ్చేది కాదు. ఇంటినుంచి ఉత్తరం వస్తే రెండు మూడు రోజులు విప్పకుండా ఉంచేదాన్ని. ఎవరైనా నవ్వుతూ మాట్లాడితే ఈ మాటలు ఎప్పుడు ముగుస్తాయా అని చూసేదాన్ని. జ్వరం లేదు, ఒంట్లో నొప్పి లేదు. ఏమని చెప్పుకోను?

నాకంటే ముందు వార్డు కనిపెట్టింది. ఒక పొద్దున బొబ్బిలి మావ్వ కాలికి కట్టు కడుతున్నాను.

"సిస్టరమ్మా, ఇయేల పట్కారు గట్టిగా ఇసిరీసినావు" అంది. ఫోర్సెప్స్‌ని వాళ్లు పట్కారు అనేవారు.

"ఎక్కడ విసిరాను? ట్రేలో పెట్టాను."

"పెట్టినప్పుడు టిక్కు మంతాది. ఇసిరితే టంగు మంతాది. రెండు నెలల కాడ్నుంచి టంగు మంతన్నాది."

పక్క మంచాల వాళ్లు నవ్వారు.

"నా కాలు గాబట్టి సరిపోనాది. ఇంకొకలి కాలయితే ఈపాటికి తగువెట్టీసును. కాళ్లకి తెలీదు గానీ, సెవులు బాగానే ఉన్నాయి తల్లీ."

ఆయా దానికి తోడు: "ఏటి ఇసరడం అంతారు? అమ్మ కేరేజీ ముట్టుకుని రెండు రోజులయ్యింది. ఆ అన్నం మా ఇంటికట్టుకెళ్తన్నాను. మావోలు తిని ఒళ్లు సేస్తన్నారు, అమ్మ సిక్కిపోతన్నాది."

అందరూ మళ్లీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. తర్వాతి బేసిను దగ్గరికి జరిగి మోచెయ్యి ముంచి చూశాను.

ఆ ఏడు ఈస్టర్ పండగ అయిన మర్నాడు డాక్టరమ్మగారి గదికి వెళ్లి, నేను ఈ పని మానేస్తానని చెప్పాను. ఆవిడ గుంటూరు వైపు మనిషి. యాభై దాటిన వయసు. మాట తక్కువ. అద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "పెళ్లా?" అని అడిగారు.

"కాదండీ."

"వేరే చోట ఉద్యోగమా?"

"చూసుకోలేదండీ."

"మరి?"

"అలిసిపోయాను."

ఆవిడా అలిసిపోయే ఉన్నారని నాకు తెలుసు. మగవార్డు, ఆడవార్డు, ఆపరేషన్లు, సంతరోజుల్లో ఊళ్ల మీదికి వెళ్లి చూసే క్లినిక్కులు అన్నీ ఆవిడే చూసుకునేవారు.

"డిసెంబర్లో కొత్త బ్యాచ్ బయటికొస్తుంది. ఒక అమ్మాయి వస్తానని మాటిచ్చింది. అప్పటిదాకా ఉండగలవా?" అన్నారు.

ఉంటానన్నాను. మాట ఇస్తే నిలబెట్టుకోవడం మా ఇంటి అలవాటు. మా నాన్న ఊళ్లు తిరిగే బోధకుడు. ఫలానా ఆదివారం ఫలానా ఊరు వస్తానంటే దారిలో వాగు, గెడ్డ పొంగినా వెళ్లేవాడు. ఏప్రిల్ నుంచి డిసెంబర్ దాకా ఆ వార్డులో నిలబడగలనా, మధ్యలో కూలబడతానా అన్నదొక్కటే ఇక నా ముందు ఉన్న సంగతి. పొద్దున లేవగానే అదే ఆలోచన, పడుకోబోయే ముందు అదే.

నిలబడటానికి నేను పట్టుకున్న ఆధారం పాలకొండ అప్ప కుడిపాదం.

ఎందుకంటే వార్డు మొత్తంలో మానుతుందని ఆశ ఉన్న పెద్ద పుండు అదొక్కటే. మడమ ముందు రూపాయి బిళ్లంత పుండు. ఇదివరకు ఒకసారి మాని మళ్లీ పడింది. ఈసారి ఎముక దాకా పోతే కాలు తీసెయ్యవలసి వస్తుందని డాక్టరమ్మగారు చెప్పారు. జూలైలో మోకాలి దాకా పిండికట్టు వేశారు. ఆరు వారాలు కదపకూడదు. కట్టు లోపల పుండు ఎలా ఉందో ఎవరికీ కనపడదు. నేను రోజూ కట్టు మీద చెయ్యి వేసి చూసేదాన్ని, వేడిగా ఉందేమోనని. వాసన చూసేదాన్ని. అప్ప నెమ్మదస్తురాలు. రోజంతా మంచం మీద కూర్చుని, ఉతికి ఆరేసిన పాత కట్టుగుడ్డలు చుట్టలు చుట్టి పెట్టేది. ఆవిడ చేతివేళ్లు బాగానే ఉన్నాయి. ఆ చుట్టలు ఎంత బిగువుగా, సమంగా ఉండేవంటే వార్డులో ఎవరు చుట్టినవో చూడగానే చెప్పొచ్చు.

ఆగస్టు ఆఖర్న కట్టు కోశారు. పుండు లేదు. లేత గులాబి రంగు తోలు నిండా కప్పేసింది. నేను పాదాన్ని రెండు చేతుల్లో పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూశాను. ఎన్నో నెలల తర్వాత నాకు ఆకలి వేసింది. ఆ మధ్యాహ్నం కేరేజీ మొత్తం తిన్నాను. ఆయా ఖాళీ గిన్నెలు చూసి, "ఇయేల మా ఇంట్లో పస్తే" అంది.

డాక్టరమ్మగారు ఇంకో పది రోజులు ఉంచి, మెత్తటి రబ్బరు చెప్పులు కుట్టించి ఇచ్చి, ఇంటికి పంపెయ్యమన్నారు. చెప్పులు వచ్చాయి. అప్ప తొడుక్కుని వార్డులో ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నడిచి చూపించింది. ఆ పది రోజులు నా చేతిలో ఫోర్సెప్స్ ఏ చప్పుడు చేసిందో నాకు తెలియదు గాని, బొబ్బిలి మావ్వ నన్ను ఏమీ అనలేదు.

మానిన పాదమని ఆ పది రోజులూ దాన్ని విప్పి చూడలేదు. పంపే ముందు రోజు ఆఖరిసారి నానబెట్టడానికి చెప్పు విప్పమన్నాను. అప్ప తటపటాయించింది. నేనే విప్పాను. మడమ ముందు తోలు చిట్లిపోయి, లోపల ఇసక, చిన్న కంకర. అంచులు తెల్లగా ఉబ్బి ఉన్నాయి. ఒక రోజు పని కాదు. నాలుగైదు రోజులుగా చెప్పులు మంచం కింద పెట్టి, నూతి చుట్టూ ఉన్న కంకర మీద ఉత్త కాళ్లతో తిరిగింది.

"ఇన్ని రోజులూ చెప్పులు ఎందుకు తొడుక్కోలేదు?" అన్నాను.

అప్ప పాదం వెనక్కి లాక్కోబోయింది.

"నిన్నే అడుగుతున్నాను. కరిచాయా? బిగువయ్యాయా?"

"సెప్పులు మంచివేనమ్మా" అంది తలవంచుకుని. "మానిపోతే ఎల్లిపోమంతారు గదా. ఎక్కడికెల్లను?"

"మీ ఇంటికి."

"మా తమ్ముడు పొలం కాడ నాకు పాకేసినాడమ్మా. నానిక్కడికొచ్చీసిన కాడ్నుంచి అందుల గేదెల్ని కడతన్నాడు. గేదెల్నిప్పీసి నన్నుండమంతాడేటి?"

నేను వార్డు వైపు చూశాను. ఎవరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు.

"మీకందరికీ తెలుసా?"

బొబ్బిలి మావ్వ అంది: "ఓలమ్మా, అప్ప ఒకర్తేనేటి? ఎవులికి మానిపోతే ఆలు నూతికాడికెల్తారు. ఈ వార్డుల గోడకి తెలుసు, మంచానికి తెలుసు. నీకూ డాక్టరమ్మకీ తెల్దు."

నాకు ఎందుకు తెలియలేదో ఇప్పుడు చెప్పగలను. నేను పాదం వైపే చూశాను. పుండు కొలత రాసుకున్నాను, రంగు చూశాను. మానకపోతే మందు మార్చాను. మానడం అంటే ఇంటికి పోవడం అని, ఇల్లు లేని మనిషి మానకూడదని కోరుకుంటుందని నాకెప్పుడూ తట్టలేదు. నాలుగేళ్లు నేను ఒకవైపు లాగుతుంటే వాళ్లు నెమ్మదిగా రెండోవైపు లాగుతున్నారు. తాడు మాత్రం ఒక్కటే.

అప్ప పాదంలో కంకర ఏరి, కడిగి, కట్టు కట్టాను. తర్వాతి మంచం దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాను. అక్కడినుంచి లేవలేకపోయాను. కళ్లు తిరగలేదు, ఏడుపు రాలేదు. లేవమని కాళ్లకి చెబితే అవి లేవలేదు. ఆయా వచ్చి "అమ్మా" అంది. "నీళ్లు చల్లారిపోతాయి, నువ్వు కానియ్యి" అన్నాను. అదొక్క మాటే వచ్చింది. ఆయా డాక్టరమ్మగారిని పిలుచుకొచ్చింది. ఆవిడ నా నాడి చూసి, కనురెప్ప కిందికి లాగి చూసి, "మూడు వారాలు ఇక్కడ కనపడకు" అన్నారు.

"వార్డు ఎవరు చూస్తారండీ?"

"నువ్వు మాత్రం కాదు."

పొందూరులో మా అక్క ఉండేది. బావ అక్కడ హైస్కూల్లో మేష్టరు. ఆ ఇంట్లో మొదటి వారం నిద్రపోయాను. భోజనానికి లేపితే తిని మళ్లీ పడుకునేదాన్ని. బావకి వేళాకోళం ఎక్కువ.

"ఏటి మరదలా, జనాన్ని మంచమెక్కించి ఎక్కించి నువ్వే ఎక్కీసినావేటి? స్కూల్లో పిల్లలు మా ఇంటిని చూపించి ఆస్పత్రి అంతన్నారు."

"పడుకోనియ్యండి. మీరు ఆదివారాలు పడుకున్నంత పడుకోలేదు అది" అని అక్క కసిరేది.

రెండో వారంలో వీధి అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టాను. ఎదురింట్లో నూలు వడికే ఆవిడ ఉండేది. నలభై అయిదేళ్ల మనిషి. ఇంటి పనులన్నీ అయ్యాక రాట్నం ముందు కాళ్లు బారజాపి కూర్చునేది. వడికే ముందు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వేది. ఆ ఊళ్లో అది మామూలు. సన్నటి పళ్ల మధ్యనుంచి పత్తి పొగలా వచ్చేది. అందరూ ఆ చేతుల వంకే చూస్తారు. నేను ఆవిడ అరికాళ్ల వంక చూశాను. ఎడమ మడమ మీద లోతైన పగులు. అంచులు గట్టిపడి ఉన్నాయి.

ఒకరోజు ఉండబట్టలేక వెళ్లి ఎదురుగా కూర్చుని ఆ పాదం పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాను.

"ఓలమ్మ ఓలమ్మ! నీకేటి పిచ్చా? పెద్దమనిసి కూతురివి, నా కాలు ఒళ్లో ఎట్టుకుంతవేటి?"

"పగులు చూడనియ్యి."

"మడమన్నాక పగల్దేటి? వదులే!"

వదల్లేదు. అలవాటు ప్రకారం పగులు అంచుని బొటనవేలితో గట్టిగా నొక్కాను. లోపల చీమేమైనా ఉందేమో చూద్దామని.

"అబ్బా! సంపీసినావే నన్ను!" అని ఆవిడ కాలు లాక్కుంది. దవడ ఎముక కింద పడిపోయింది.

నేను ఆవిడ ముఖం చూశాను. నొప్పికి కనుబొమలు ముడుచుకుని, కళ్లలో నీళ్లు తిరిగి, తిట్టడానికి నోరు తెరిచి ఉంది. నాలుగేళ్లలో వేల సార్లు పాదాలు నొక్కాను, కోశాను, గీకాను. అబ్బా అన్న మాట వినలేదు. ఉన్నట్టుండి నాకు ఏడుపొచ్చింది. ఆగలేదు. ఆవిడ తిట్టబోయినదల్లా బెదిరిపోయి, "ఓసి నీ ఇల్లు బంగారం గాను, నా కాలు నొప్పెడితే నువ్వేడుస్తావేటే?" అని నా వీపు నిమిరి, కేకేసి అక్కని పిలిచింది. అక్క వచ్చి ఇంట్లోకి తీసుకెళ్లింది. సాయంత్రం దాకా ఏడుస్తూనే ఉన్నాను. దేని గురించి అని అక్క అడగలేదు. అడిగితే నేను చెప్పలేకపోయేదాన్ని.

ఏడిచాక ఏదో తేలికపడ్డానని అనుకోవద్దు. మర్నాడు ఇంకా నీరసంగా ఉంది. కానీ ఆ రోజు ఇంటినుంచి వచ్చిన ఉత్తరం విప్పి చదివాను.

మూడు వారాలకి ఒక్కరోజు కూడా ఎక్కువ ఉండకుండా తిరిగి వెళ్లాను. అక్టోబరు మొదటివారం. దారి పొడుగునా వార్డు ఎలా ఉందో ఊహించుకుంటూ వెళ్లాను. ఎన్ని పుండ్లు ముదిరి ఉంటాయో, ఎవరి కాలు తీసేసి ఉంటారో అని. సంచి గదిలో పెట్టకుండానే వార్డుకి వెళ్లి ఒక్కొక్క కట్టూ విప్పించాను.

పాదాలు నేను వదిలి వెళ్లినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. రెండు మూడు కాస్త ముదిరాయి. రెండు మూడు కాస్త తగ్గాయి. డాక్టరమ్మగారికి తీరిక లేక రోజు విడిచి రోజు మాత్రమే కట్లు మార్పించారట. చేతివేళ్లు బాగున్న ఆడవాళ్లు ఎవరి పాదాలు వాళ్లు కడుక్కున్నారట. చూపు బాగున్నవాళ్లు చూపు లేనివాళ్ల అరికాళ్లు చూసి, ఎర్రగా ఉంటే ఆయాకి చెప్పారట.

నా ముఖం ఎలా ఉందో ఏమో, బొబ్బిలి మావ్వ నవ్వింది.

"నువ్వు నేకపోతే అందరం సచ్చిపోతామనుకున్నావేటి?"

"అనుకున్నాను" అన్నాను.

"సచ్చిపోనేదు. నువ్వు నేవని సెప్పి కొంచెం బెంగెట్టుకున్నాం, అంతే."

నేను రోజూ ఎనిమిది గంటల యాభై నిమిషాలు వంచిన నడుము, అక్కరలేకుండా వంచాను. అది తెలిసినప్పుడు నాకు సంతోషం కలగలేదు. చాలా చిన్నతనంగా అనిపించింది. ఆ చిన్నతనం అణిగాక, దాని కింద కాస్త ఊపిరి తీసుకునే చోటు కనిపించింది. వార్డుని రెండు భాగాలు చేసి, ఒక్కో భాగానికి రోజు విడిచి రోజు కట్లు మార్చే పద్ధతి పెట్టాను. మిగిలిన సమయంలో, జీవితంలో మొదటిసారి, మంచాల దగ్గర స్టూలు వేసుకుని ఎవరు ఎక్కడికి వెళ్లగలరు, ఎవరు వెళ్లలేరు అని అడిగాను. ఇరవై ఎనిమిది మందిలో పందొమ్మిది మందికి వెళ్లే చోటు లేదు.

అప్పకి మళ్లీ పిండికట్టు వేశారు. ఆ కట్టు వేసిన రోజున డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్లాను.

"ఈవిడ పుండు మానినా ఇంటికి పంపొద్దండీ."

"మంచాలు రోగులకమ్మా. మానినవాళ్లకి కాదు. పైవాళ్లు ఒప్పుకోరు."

"మానితే పంపేస్తారు. పంపేస్తారని మాననివ్వదు. మాననివ్వని పుండు నేను రోజూ కడగాలి. ఈవిడ పాదం ఇది మూడోసారి నేను బాగుచేయడం. నాలుగోసారి నేను చేయలేను."

"జాలితో అడుగుతున్నావా?"

"కాదండీ. అలసటతో అడుగుతున్నాను."

ఆవిడ నవ్వారో లేదో నాకు తెలియలేదు. అద్దాలు తుడుచుకున్నారు.

"కట్టుగుడ్డలు చుట్టే మనిషి ఒకరు కావాలని రాస్తాను. భోజనం వంటింట్లోంచి. పడక వార్డులో కాదు, సామాన్ల గది పక్క వరండాలో. చెప్పులు లేకుండా నూతి దగ్గర కనిపిస్తే మాత్రం ఆ రోజే పంపించేస్తానని చెప్పు" అన్నారు.

నేను వెళ్లి అప్పకి చెప్పాను. ఆవిడ చాలాసేపు నమ్మలేదు. బొబ్బిలి మావ్వ నమ్మింది.

"ఐతే మరి నాకేటి పని? ఒంటికన్నుతో కాపలా కాసీనా? ఇంకో కన్ను దొంగోలు మూసీసినారని సెప్పుకుందుము."

"నీకు నోటి పనుంది గదా" అంది ఆయా.

నవంబరు ఆఖర్న అప్ప కట్టు విప్పారు. మానింది. ఆవిడ చెప్పులు తొడుక్కుని వరండాలోకి మారింది. ఆ పాదం తర్వాత మూడేళ్లు నిలబడింది. డెబ్బై ఒకటిలో వేరే చోట పుండు పడి ఎముక పట్టింది, కాలు తీసేశారు. కనుక ఇదంతా గెలుపు అని నేను అనను. మూడేళ్లు ఒక మనిషి తన పాదాన్ని తానే పాడుచేసుకోకుండా బతికింది. అంతవరకే లెక్క. మిగిలిన పద్దెనిమిది మందిలో ఆ ఏడాది ఇంకో నలుగురికి ఏదో ఒక పని చూపించి ఉంచగలిగాం. మిగతావాళ్లు నూతి దగ్గరికి వెళ్తూనే ఉన్నారు. నేను చూశాను. కొన్నిసార్లు చూడనట్టు ఊరుకున్నాను.

డిసెంబరు రెండోవారంలో కొత్త నర్సు వచ్చింది. పాయకరావుపేట పిల్ల, ఇరవై రెండేళ్లు. మొదటి రోజు వార్డు వాసనకి బయటికి పరుగెత్తి వెళ్లి వాంతి చేసుకుని, మొహం కడుక్కుని మళ్లీ లోపలికి వచ్చింది. తిరిగి వచ్చింది కనుక ఉంటుందని అనుకున్నాను. నీళ్లకి మోచెయ్యి ఎలా ముంచాలో చూపించాను.

ఇద్దరం అయ్యాం కనుక ఆదివారాలు వంతుల వారీగా పంచుకున్నాం. నా మొదటి సెలవు ఆదివారం గుడికి వెళ్లలేదు. బస్సెక్కి విజయనగరం వెళ్లాను. స్టేషను దగ్గర హోటల్లో రెండిడ్లీలు తిని, ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని వచ్చే పోయే రైళ్లు చూశాను. సాలూరు వైపు సరుకేసుకునే లారీవాళ్లు పక్కన కూర్చుని బీడీలు కాలుస్తూ టైర్ల గురించి పోట్లాడుకుంటున్నారు. వాళ్ల మాటలు విన్నాను. నాకు సంబంధించినది అందులో ఒక్కటీ లేదు. అదే హాయి. సాయంత్రం బస్సుకి తిరిగొచ్చాను.

సోమవారం ఆయా అడిగింది: "నిన్న ఏటి సేసినారమ్మా?"

"ఏమీ చెయ్యలేదు."

"ఏటీ సేయకుండా అంత దూరమెల్లినారా?"

"ఏమీ చెయ్యకుండా ఉండటానికే వెళ్లాను."

క్రిస్మస్ అయ్యాక, ఇచ్చిన మాట ప్రకారం లెక్క అప్పగించడానికి డాక్టరమ్మగారి గదికి వెళ్లాను. మందుల అలమర తాళాలు బల్ల మీద పెట్టాను. ఆవిడ వాటిని ముట్టుకోలేదు.

"ఎక్కడికి వెళ్తావు?"

"ఇంకా అనుకోలేదండీ."

"ఇంకా అలిసిపోయే ఉన్నావా?"

"ఉన్నాను."

"తగ్గలేదా?"

ఆలోచించాను. అబద్ధం చెప్పడం ఇష్టం లేదు. "తగ్గింది. పోలేదు. పోతుందని అనిపించడం లేదు. కాని ఇప్పుడు అన్నం తింటున్నాను. ఉత్తరాలు చదువుతున్నాను" అన్నాను.

"అయితే ఉండు."

"ఎన్నాళ్లు ఉంటానో చెప్పలేనండీ. డిసెంబరు దాకా అని మాట ఇచ్చి, ఆ మాట కిందే నలిగిపోయాను. మళ్లీ అంత పెద్ద మాట ఇవ్వలేను."

"ఎంత మాట ఇవ్వగలవు?"

"జనవరి నెల ఉంటాను."

"ఫిబ్రవరి?"

"జనవరి ఆఖర్న చెబుతాను."

ఆవిడ తాళాలు నా వైపు జరిపారు. జనవరి ఆఖర్న వెళ్లి ఫిబ్రవరి ఉంటానని చెప్పాను. ఫిబ్రవరి ఆఖర్న మార్చి అని చెప్పాను. ఆవిడ ఆ ఆస్పత్రిలో ఉన్నంత కాలం ప్రతి నెలా ఆఖర్న తలుపు దగ్గర నిలబడి చెప్పేదాన్ని. ఆవిడ తల ఎత్తకుండానే "మంచిది" అనేవారు. ఒక్క నెల కూడా ఆవిడ నన్ను రెండు నెలలకి అడగలేదు.

ఆవిడ వెళ్లిపోయాక వచ్చిన డాక్టరుగారికి ఈ పద్ధతి వింతగా తోచింది. "ఏళ్లుగా ఉంటూనే ఉన్నారు కదా, నెలనెలా చెప్పడమెందుకు?" అన్నారు.

"నెలనెలా చెబుతున్నాను కనుకే ఉన్నానండీ" అన్నాను.

ఆయన ఏదో రాసుకుంటూ సరేనన్నారు. నేను వార్డుకి వెళ్లిపోయాను. అప్పటికి నీళ్లు కాగాయి.